ఆడికి పనుంది

మొన్న వినాయక చవితి పందిట్లో మా వీధి కుర్రాళ్ళు ఆడవాళ్ళ కోసం ఒక పోటీ పెట్టారు. ముగ్గులూ మ్యూజికల్ చైర్సూ ప్రతి ఏడూ ఉండేవే. ఈసారి ఏదో కొత్తగా ఉండాలని ఒక అట్టపెట్టెకి పైన చిల్లు చేసి, చుట్టూ రంగు కాగితం అంటించి, 'మీకు బాగా నచ్చిన సీరియల్ పాత్ర ఎవరు? ఎందుకు? ఒక్క ముక్కలో రాసి ఇందులో వేయండి' అని బోర్డు పెట్టారు. ఎక్కువమంది ఏ పేరు రాస్తే ఆ పాత్ర గెలిచినట్టు. ఆ పేరు రాసినవాళ్ళ చీటీల్లోంచి ఒకటి తీసి స్టీలు క్యారియర్ ఇస్తారు.

చీటీలు లెక్కపెట్టే పని నాకు అప్పజెప్పారు. ఇప్పుడు చిన్న ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నాను గానీ, అంతకుముందు ఈ శ్రీకాకుళం టౌన్లోనే పదిహేనేళ్ళు కేబుల్ పని చేశాను. ఏ ఇంట్లో ఏ సీరియల్ చూస్తారో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని వాళ్ళ నమ్మకం. అది నిజమే.

నలభై చిల్లర చీటీలు వచ్చాయి. సగానికి పైగా వంటలక్క. కార్తీక దీపం సీరియల్ మొదటి కథ అయిపోయి ఇన్నేళ్ళయినా సరే, వంటలక్కే. కారణాలు కూడా దాదాపు ఒకేలా ఉన్నాయి: 'ఎన్ని కష్టాలు పడిందో', 'ఓర్పు', 'అంత ఏడిపించినా భర్తను వదల్లేదు'. బ్రహ్మముడి కావ్యకి కొన్ని, గుప్పెడంత మనసు వసుధారకి కొన్ని. ఇంటింటి గృహలక్ష్మి తులసికి రెండు వస్తే అందులో ఒకటి మా వదినది. రాత చూసి పోల్చాను. ఇంకో చీటీ మాత్రం నన్ను చాలాసేపు ఆపేసింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

క్యారియర్ ఇచ్చేశాం, చప్పట్లు కొట్టేశాం. కానీ నాకు ఆ లెక్క మింగుడు పడలేదు. నచ్చడం వేరు, నిలబడడం వేరు కదా. ఒక పాత్ర మీద జాలి పుట్టినంత మాత్రాన అది గొప్ప పాత్ర అయిపోతుందా? ఇంటికొచ్చి ఈ మాటే అంటే మా ఆవిడ, "అయితే మీ కొలత ఏంటో చెప్పండి" అంది. నా దగ్గర ఒక కొలత ఉంది. నేను కనిపెట్టింది కాదు, మా మామ్మ ఇచ్చింది.

1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మహాభారత్ మొదలైనప్పుడు నాకు పదేళ్ళు. మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఊళ్ళో టీవీ ఉన్నది రైసు మిల్లు వాళ్ళింట్లో ఒక్కటే. ఆదివారం పొద్దున్నే వాళ్ళ అరుగు మీద, వాకిట్లో, కొబ్బరి చెట్టు మొదట్లో, ఎక్కడ చూసినా జనమే. గాలి వేస్తే యాంటెన్నా తిరిగిపోయేది. ఒకడు డాబా ఎక్కి తిప్పుతుంటే కిందవాళ్ళు "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరిచేవాళ్ళు. కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి పెట్టేవారు.

అందరికీ కథ తెలుసు, హిందీ మాత్రం ఎవరికీ రాదు. మా మామ్మకి అసలే రాదు. చదువూ లేదు. ఆ బొమ్మల్ని చూసి, గొంతులు విని, ఎవరు ఏం అంటున్నారో తనే అనుకుంటూ చూసేది. ఊళ్ళో వాళ్ళంతా కృష్ణుడు కనబడగానే దండం పెట్టేవారు, భీష్ముడు వస్తే నిటారుగా కూచునేవారు. ఒక ఆదివారం తిరిగొస్తూ దారిలో అడిగాను, "మామ్మా, నీకెవరు బాగున్నారే?" అని. క్షణం ఆలోచించకుండా శకుని అంది. నేను అదిరిపోయాను. ఆడు చెడ్డోడు కదా అన్నాను.

"సెడ్డోడే. అయితేటి? ఆడికి పనుంది. మిగతావోళ్ళంతా ఊరికే బాద పడతన్నారు. ఈడొక్కడే పని సేసుకుంటన్నాడు."

ఆ శకుని వేసిన గుఫీ పెయింటల్ ఆ సీరియల్‌కి నటీనటుల్ని ఎంపిక చేసే పని కూడా చూశాడని చాలా ఏళ్ళకి చదివాను. అంటే తెర మీదే కాదు, తెర వెనకా ఆయనకి పనుంది. మామ్మకి చెబితే నవ్వేది. నేను చదివేసరికి ఆవిడ లేదు.

మా వైపు 'పనుంది' అంటే రెండు అర్థాలు. ఒకటి చాకిరీ. రెండోది అక్కర. 'నీతో పనుంది' అంటే నీ దగ్గర నాకు కావలసింది ఏదో ఉందని. మామ్మ అన్నది ఈ రెండో పని. ఒక మనిషికి ఏదో కావాలి, దానికోసం లేచి కదులుతాడు, ఆ కదలికకి మిగతావాళ్ళు కూడా కదలాల్సి వస్తుంది. ఈ కొలత పట్టుకునే నేను ముప్పై ఏళ్ళ పైన సీరియల్స్ చూశాను. ఎక్కువగా పరాయి ఇళ్ళలో, నిచ్చెన మీదుండి, కిటికీలోంచి.

కేబుల్ పనిలో చేరింది 2003లో. జెమినీలో చక్రవాకం మొదలైన ఏడు అది. అప్పటికింకా సెట్‌టాప్ బాక్సులు లేవు. డిష్ దగ్గర్నుంచి స్తంభాల మీదుగా వైరు, మధ్య మధ్యలో యాంప్లిఫైయర్లు. వాన పడితే కనెక్టర్లో నీళ్ళు దిగేవి, కోతి వేలాడితే వైరు తెగేది. సీరియల్ టైములో సిగ్నల్ పోతే ఇక చూడాలి, కంట్రోల్ రూములో ఫోను పెట్టేసే వీలుండేది కాదు. ఆ ఫోన్లు ఎత్తీ ఎత్తీ నేను గమనించింది ఒకటుంది. ఎవరూ 'సీరియల్ రావడం లేదు' అనరు. 'స్రవంతి వచ్చే టైమయింది బాబూ, తొందరగా సూడు' అంటారు. పాత్ర పేరుతోనే ఫిర్యాదు. తర్వాత 2008 నుంచి 2013 దాకా మొగలిరేకులు నడిచినప్పుడైతే మగవాళ్ళు కూడా ఫోన్లు చేశారు. అప్పటిదాకా 'మా ఆడోళ్ళు సూస్తారు' అని చెప్పేవాళ్ళే, ఆర్.కె. నాయుడు దగ్గరికొచ్చేసరికి ఆ ముసుగు తీసేశారు. నటుడు సాగర్‌ని ఇప్పటికీ జనం నాయుడనే పిలుస్తారు. మరి ఆ పాత్రకి పని ఉంది. పోలీసు యూనిఫాం వేసుకున్నవాడు ఎంత ఏడ్చినా మర్నాడు డ్యూటీకి వెళ్ళాలి కదా.

ఇప్పుడు వంటలక్క దగ్గరికి వద్దాం. లేకపోతే క్యారియర్ గెలుచుకున్నావిడ ఊరుకోదు.

కార్తీక దీపం 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైంది. అంతకుముందే మలయాళంలో వచ్చిన కరుత్తముత్తు దానికి మూలం. అక్కడ నల్లపిల్లగా వేసిన ప్రేమి విశ్వనాథే ఇక్కడా దీప. మేకప్‌తో మొహం నలుపు చేసి నల్లపిల్ల కష్టాలు చూపించడం ఏమిటని నాకు మొదట్నుంచీ గుచ్చుకునేది. మా ఇళ్ళలో నల్లగా ఉన్న ఆడపిల్లలు ఎంతమంది లేరు, ఒక్కర్ని పట్టుకొచ్చి నిలబెట్టలేరా అనిపించేది. అది అలా ఉంచితే, ఆ పాత్రని మొదట్లో నిలబెట్టింది రంగు కాదు, గరిటె. భర్త అనుమానించి దూరం పెడితే ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి నలుగురికీ వండి పెట్టి పిల్లని పెంచుకుంది. జనం ఆవిడకి పెట్టిన పేరే చూడండి. దీప అనే పేరు ఉండగా ఎవరూ దీప అనరు. తాపీ మేస్త్రీని మేస్త్రీ అన్నట్టు, టైలరుని టైలరన్నట్టు, వంటలక్క. చేసే పనే పేరైపోయింది. సీరియల్ హీరోయిన్లలో అది ఎంతమందికి దక్కింది?

ఆ గరిటె చేతిలో ఉన్నంతకాలం నేను ఆవిడకి ఓటు వేసేవాణ్ణి. తర్వాత్తర్వాత గరిటె పోయింది, కన్నీళ్ళు మిగిలాయి. ఎప్పుడు చూసినా గుమ్మం దగ్గర నిలబడి ఎవరో అన్నది వింటూ ఉంటుంది. ఇక ఆవిడ భర్త డాక్టర్ బాబు మహా తెలివైనవాడు, ఊరందరికీ వైద్యం చేస్తాడు, తన పిల్లలు తన పిల్లలేనని తెలుసుకోవడానికి ఒక డీఎన్ఏ పరీక్ష చేయించుకోడు. ఈ జోకు వేయనివాళ్ళు తెలుగునాట లేరు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా జిల్లా మీద పడింది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట వైపు కొబ్బరీ జీడీ నేలమట్టం. స్తంభాలు ఎక్కడికక్కడ విరిగిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చాక వైర్లు లాగడానికి నన్నూ ఇంకో ఇద్దరినీ ఉద్దానంలో ఒక ఊరికి పంపారు. తోటలు పోయిన మనుషులు వాళ్ళు. జీడిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, కొబ్బరికి ఇంకా ఎక్కువ. అలాంటి ఇంట్లో ఒకామె మాకు మజ్జిగిచ్చి, టీవీ వెలగ్గానే ఎదురుగా కూచుంది. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి చూస్తోంది. పావుగంట చూసి మా వైపు తిరిగి, "ఏటి బాబూ, ఆగిపోయినప్పుడు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. మా ఇంటి మీదంత గాలొచ్చినాది, ఆలింట్లో ఆకు కదల్లేదు" అంది.

నిచ్చెన పట్టుకుని నవ్వాను. నవ్వాక సిగ్గేసింది. ఆ ఏడాదే కేబుల్ పని మానేశాను, వేరే కారణాలకి. కానీ ఆ ఆకు కదలకపోవడం గురించి చాలా ఆలోచించాను.

అది దీప తప్పు కాదు. ఏ హీరోయిన్ తప్పూ కాదు. వారానికి ఆరు రోజులు, ఏళ్ళ తరబడి, రోజుకి ఇరవై నిమిషాల చిల్లర కథ నడపాలి. గురువారం రేటింగు వస్తుంది, అది చూసి పై వారాల కథ సర్దుతారు. రోజుకొక కొత్త సంఘటన పుట్టించడం ఎవరివల్లా కాదు. అంచేత ఒకే ఒక్క మాటని దాచిపెడతారు. 'ఈ పిల్ల నీ పిల్లే' అనో, 'ఆ ఉత్తరం రాసింది నేను కాదు' అనో. ఆ మాట చెప్పాల్సిన మనిషి హీరోయిన్. చెబితే సీరియల్ అయిపోతుంది. కాబట్టి ఆవిడ నోరు తెరిచిన ప్రతిసారీ ఫోను మోగాలి, ఎవరో కళ్ళు తిరిగి పడిపోవాలి, లేదా ఆవిడకే 'చెబితే ఆయన తట్టుకోలేరు' అనిపించాలి. ఎవరి మీద కథంతా నడుస్తోందో ఆ మనిషికే పని ఇవ్వకూడదు. ఇస్తే ముగుస్తుంది. మూడుసార్లు జూమ్ చేసి, ఉరుము వేసి, మొహం చూపిస్తారు చూడండి, అది పని లేని మనిషికి పని కల్పించడమే.

పైగా ఆ మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. మన హీరోయిన్లలో చాలామంది కర్ణాటక, కేరళ, తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. సెట్లో పక్కన అసిస్టెంటు డైలాగు చదువుతుంటే వెనకే అంటారు, తర్వాత తెలుగమ్మాయి ఎవరో స్టూడియోలో డబ్బింగు చెబుతుంది. మనం ఫలానా పాత్ర ఏడుపుకి కరిగిపోయామంటే సగం కరిగించింది ఆ డబ్బింగు అమ్మాయి. నలభై చీటీల్లో ఆవిడ పేరు ఒక్కటీ లేదు, ఉండే వీలూ లేదు.

ఇంతవరకు నా వాదన బాగానే నడిచింది. మా వదిన వినేదాకా.

వదినది విజయనగరం, అయ్యకోనేరు గట్టు దగ్గర పుట్టిల్లు. తెలుగు టీచరు. తులసి చీటీ ఆవిడదే అని చెప్పాను కదా. ఇంటింటి గృహలక్ష్మి 2020లో మొదలైనప్పట్నుంచి కస్తూరి వేసిన ఆ పాత్రకి మా ఇంట్లో ఆవిడే వకీలు. నేను మామ్మ మాట చెప్పగానే కూరగాయల కత్తిపీట పక్కన పెట్టింది.

"ఓర్చుకోవడం పని కాదని నీకెవరు చెప్పారు బాబూ? పొద్దున్న ఐదింటికి లేచి, పదిమందికి పది రకాలుగా అమర్చి, ఎవరేమన్నా మొహం మార్చకుండా ఉండాలంటే ఎంత పనో ఎప్పుడైనా చేసి చూశావా? మీ మగాళ్ళకి చేతిలో స్క్రూడ్రైవరో లాఠీయో కనబడితేనే పని. నాయుడు యూనిఫాం వేసుకున్నాడని మార్కులు వేశావు. తులసి పాతికేళ్ళు వంటింట్లో నిలబడితే అది బాధ అన్నావు."

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. మా మామ్మే రోజంతా చాకిరీ చేసిన మనిషి. అటువంటి మనిషే బాధనీ పనినీ వేరు చేసి చూసింది, అదొక్కటే నాకు కొంత బలం. నేను అన్నది ఇది: "తులసి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను వదినా. మొగుడు నందూ వదిలేసి లాస్యతో వెళ్ళాక, విడాకులయ్యాక, ఇప్పుడు నేనేం చెయ్యాలి అని ఆవిడ తనని తానే అడిగింది చూడండి, అక్కడ్నుంచి ఆ పాత్ర లేచింది. అంతకుముందు ఓర్చుకున్నదంతా ఆ ప్రశ్నకి పునాది. కానీ ఆ తర్వాత రాసినవాళ్ళు ఏం చేశారు? మళ్ళీ ఆ ఇంటికే, ఆ మనుషుల సమస్యలకే తిప్పి తిప్పి తెచ్చారు. ఆవిడ సొంత పని పెట్టుకున్న ప్రతిసారీ ఎవరికో జ్వరం వచ్చింది."

"జ్వరం వస్తే చూడొద్దా మరి?" అంది వదిన. ఇద్దరం నవ్వాం. ఆ వాదన అక్కడితో ఆగింది గానీ తెగలేదు.

ఇక రెండో అభ్యంతరం మా ఆవిడది. అది మరీ సూటిది. 'పని ఉన్న పాత్రే గొప్పదైతే అన్ని సీరియల్స్‌లోనూ విలన్లే గెలుస్తారు. మౌనిత కంటే పని ఎవరికుంది?' నిజమే. కార్తీక దీపంలో విలన్ మౌనితకి డాక్టర్ బాబు కావాలి. దానికోసం అబద్ధం రిపోర్టు నుంచి మొదలుపెట్టి ఏది పడితే అది చేస్తుంది. ఆ పాత్ర వేసిన శోభా శెట్టి తెర మీదికి రాగానే కుర్చీలో ముందుకి జరిగేవాళ్ళం, కాదనను. కానీ ఏళ్ళు గడిచినా మౌనితకి అదే పని. పట్టుబడుతుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది, అదే కావాలంటుంది. చేసిన పని మనిషిని ఎక్కడో ఒక చోట గీరాలి, కొంచెమైనా మార్చాలి. శకునికి సైతం చివర్లో కళ్ళ ముందు వంశం పోయింది. మౌనితకి చీర మారింది, అంతే.

ఆ సీరియల్‌లో నా ఓటు సౌందర్యకి. అర్చనా అనంత్ వేసిన అత్తగారు. మొదట ఆవిడకి నల్లపిల్ల గిట్టదు, ఇంట్లోకి రానివ్వడం ఇష్టం లేదు. తర్వాత తను చేసింది తప్పని తెలుసుకుంది, కొడుక్కి ఎదురు తిరిగి కోడలి పక్షాన నిలబడింది. కవల పిల్లల్లో ఒకదాన్ని రహస్యంగా తనే తెచ్చి పెంచింది. ఆ రహస్యం ఆవిడ మీద బరువుగా కూచుంది. పని ఉంది, పని మారింది, మారినందుకు మూల్యం కట్టింది. చీటీల్లో సౌందర్యకి ఒక్క ఓటూ రాలేదు. ఎందుకో నాకు అర్థం కాదు. అత్తగారికి ఓటేస్తే ఇంట్లో అత్తగారు చూస్తుందని కాబోలు.

ఇలాంటిదే ఇంకొకరున్నారు. హిందీ నుంచి డబ్బింగు అయి వచ్చిన చిన్నారి పెళ్లికూతురులో బామ్మ. సురేఖా సిక్రీ. ఆవిడకి అప్పటికే సినిమాల్లో రెండు జాతీయ అవార్డులున్నాయని మాకెవరికీ తెలీదు. మా మామ్మ ఆఖరి ఏళ్ళలో చూసిన సీరియల్ అది. రాజస్థాన్ ముసలమ్మ తెలుగులో గద్దిస్తుంటే మా మామ్మ ఇక్కడ మంచం మీంచి జవాబు చెప్పేది. "అలగనీసి గుంటని కొట్టీస్తావేటే!" అని. ఆ చిన్న పెళ్లికూతురు ఆనంది కనబడితే ఊరుకునేది, బామ్మ కనబడితే మాట్లాడేది. తిట్టుకోవడానికైనా సరే, ఒక మనిషి అవతలుండాలి కదా. ఇంటి పద్ధతిని కాపాడడమే తన పని అనుకున్న ముసలిది, ఆ పద్ధతి తన కళ్ళ ముందే తప్పని తేలుతుంటే మొహంలో చూపించిన తికమక ఉందే, దానికి డైలాగు అక్కర్లేదు.

చిన్నారి పెళ్లికూతురు మాటొచ్చింది కాబట్టి వదిన ఊరుకోలేదు. విజయనగరం వాళ్ళ దగ్గర చిన్నపిల్లల పెళ్ళి గురించి మాట్లాడి గురజాడ దగ్గరికి వెళ్ళకుండా తప్పించుకోలేం.

"సరే, నీ కొలత కన్యాశుల్కం మీద పెట్టు. గిరీశం కదా గెలవాలి? వాడికున్నన్ని పనులు ఎవరికున్నాయి?"

నిజం చెప్పాలంటే మా ఊరి వాళ్ళకీ వాళ్ళ ఊరి వాళ్ళకీ గిరీశం అంటే ఒక మోజు. మాటకారి. సినిమాలో రామారావు వేశాడు. నేనూ చాలాకాలం గిరీశమే అనుకున్నాను. కానీ ఆ రాత్రి వదిన చెప్పిన ఒక సంగతి నా కొలతనే కొంచెం జరిపింది. ఆ నాటకం విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో. 1897లో అచ్చయిన మొదటి కూర్పులో మధురవాణిది చాలా చిన్న పాత్ర. గురజాడ దాన్ని తిరగరాసి 1909లో తెచ్చిన రెండో కూర్పులోనే ఆవిడ ఇప్పుడు మనకి తెలిసిన మధురవాణి అయింది. మొదటి ప్రదర్శన నుంచి లెక్కేస్తే మధ్యలో పదిహేడేళ్ళు.

ఆలోచించండి. ఒక మూల నిలబడ్డ వేశ్య పాత్రని ఆ రచయిత అన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూశాడు. ఈవిడకి ఏం కావాలి అని అడిగాడు. సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి ఇచ్చి చెయ్యడం ఆపాలి, ఆ పనితో మధురవాణికి ఏం సంబంధం? బంధువు కాదు. లాభం లేదు. పైగా రామప్పంతులు ఇంట్లో ఉంటూ ఆయన కుదురుస్తున్న సంబంధానికే అడ్డు తగలాలి. అయినా కరటకశాస్త్రి వచ్చి అడిగితే దాన్ని తన పనిగా చేసుకుంది. గిరీశానివన్నీ సొంత పనులు. మధురవాణిది తనది కాని పని. మామ్మ ఉంటే ఏమనేదో. బహుశా ఒప్పుకునేది. ఆవిడ కూడా పక్కింటి గొడవలన్నీ తన నెత్తినే వేసుకునేది.

ఇక్కడే నాకు ఆ చీటీ గుర్తొచ్చింది.

రూళ్ళ కాగితం ముక్క, పెన్సిల్ రాత. పేరు రాయాల్సిన చోట 'ట్రే అట్టుకున్న ఆవిడ' అని ఉంది. ఎందుకు అన్నచోట 'ఆలందరూ కూకుంటారు ఈవిడ నిలబడే ఉంటాది' అని. కింద సంతకం లేదు. ఏ సీరియలో లేదు. కమిటీ కుర్రాడు చూసి నవ్వి 'ఇది చెల్లదు అంకుల్' అన్నాడు. లెక్కలోకి తీసుకోలేదు. నేను మాత్రం పారేయకుండా షాపు డ్రాయర్లో పెట్టుకున్నాను.

ఏ సీరియలైనా కావచ్చు. ప్రతి పెద్దింటి హాల్లోనూ ఆవిడ ఉంటుంది. కాఫీ తెస్తుంది, అప్పుడే ఎవరో పెద్ద నిజం బయట పెడతారు, ఆవిడ అలాగే నిలబడిపోతుంది. చాకిరీ పరంగా చూస్తే ఆ ఇంట్లో పని ఉన్నది ఆవిడ ఒక్కతికే. మిగతావాళ్ళంతా పట్టుచీరలు కట్టుకుని సోఫాల్లో కూచుంటారు. రెండో రకం పని, అంటే ఆవిడకి ఏం కావాలో, అది మాత్రం వెయ్యి ఎపిసోడ్లయినా ఎవరూ అడగరు.

నోరు తెరిస్తే ఆవిడ ఏ యాసలో మాట్లాడుతుందో మాకు బాగా తెలుసు. మా యాసే. సీరియల్‌లో కోడలు ఏ పల్లె నుంచి వచ్చినా పుస్తకంలో తెలుగు మాట్లాడుతుంది. 'ఏటమ్మగోరూ' అనేది పనిమనిషి, వాచ్‌మన్, నవ్వించడానికి పెట్టిన పాలవాడు. వ్యవహారంలో ఉన్న తెలుగే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. నాటకం నిండా మాట్లాడే తెలుగే పెట్టిన గురజాడ పక్క ఊళ్ళో. ఇద్దరూ మా వైపు నోటి మాటకి కుర్చీ వేసి కూచోబెట్టాలని చూశారు. టీవీ దానికి ట్రే ఇచ్చి నిలబెట్టింది.

చీటీ ఎవరు రాశారో నేను కనుక్కోలేదు. మా వీధిలో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ఐదారుగురు పందిరికి వస్తారు. వాళ్ళలో ఎవరో కావచ్చు, వాళ్ళ పిల్లల్లో ఎవరితోనో రాయించి ఉండచ్చు. అడిగితే నవ్వుల పాలు చేస్తున్నానని అనుకుంటారని అడగలేదు.

అప్పట్నుంచి మా ఆవిడా నేనూ సీరియల్ చూసే పద్ధతి మారింది. మధ్యలో ఎవరున్నా అంచుల వైపు చూస్తున్నాం. ఒక ఇంట్లో ట్రే ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఇంకో ఇంట్లో ఆవిడ కాస్త పెద్దావిడ, ముక్కుకి రెండు వైపులా పుడక. పేర్లు లేవు. ఎప్పుడైనా ఎవరైనా పిలిస్తే ఆ పేరు పట్టుకుందామని చూశాం. 'ఏయ్, కాఫీ తీసుకురా' అన్నారు గానీ పేరు పెట్టి పిలవలేదు.

పోయిన వారం ఒక రాత్రి, ఆ పెద్దావిడ ఉన్న ఇంట్లో గొప్ప గొడవ జరుగుతోంది. కోడలు చెప్పబోయింది, మామగారు గుండె పట్టుకున్నాడు, విలన్ మొహం మీదికి మూడు జూములు, ఉరుము. వరసగా అందరి మొహాలూ చూపిస్తున్నారు. ఆవిడ వెనకాల, సగం మసకగా ఉంది. షాట్ చాలాసేపు నడిచినట్టుంది. ఆవిడ మెల్లిగా పక్కనున్న బల్ల మీద ట్రే దించి, చెయ్యి ఒకసారి విదిల్చి, కొంగు సర్దుకుంది.

"చూశారా," అంది మా ఆవిడ, నా మోచెయ్యి పట్టుకుని. "దించేసింది!"

తర్వాతి షాట్‌లో ట్రే మళ్ళీ ఆవిడ చేతిలోనే ఉంది.